రాణి తాడు లాగారు.. గురి కుదిరింది! అయినా ఆ రైఫిల్‌ను సైన్యం ఎందుకు వద్దంది? జోసెఫ్ విట్‌వర్త్ కథ ఇదీ

1860 జులై 2. లండన్ శివార్లలోని వింబుల్డన్ మైదానం. ఇప్పుడు వింబుల్డన్ అంటే అందరికీ టెన్నిసే గుర్తొస్తుంది. కానీ ఆ రోజు అక్కడ జరిగింది రైఫిల్ షూటింగ్ పోటీ. బ్రిటన్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టిన మొట్టమొదటి పోటీ అది. ప్రారంభించడానికి విక్టోరియా రాణి స్వయంగా వచ్చారు.

ఒక స్టాండ్‌కు రైఫిల్‌ను కదలకుండా బిగించారు. ట్రిగ్గర్‌కు పట్టు తాడు కట్టారు. 400 గజాల దూరంలో, అంటే సుమారు 365 మీటర్ల అవతల టార్గెట్ ఉంది. రాణి తాడు లాగారు. బుల్లెట్ వెళ్లి టార్గెట్ నడిమధ్యకు రెండు అంగుళాల లోపే తగిలింది. మైదానమంతా చప్పట్లు..

ఆ రైఫిల్ తయారు చేసిన మనిషి పేరు జోసెఫ్ విట్‌వర్త్. అప్పటికే ఆయన రైఫిల్ పరీక్షల్లో బ్రిటిష్ సైన్యం వాడే తుపాకీని చిత్తుగా ఓడించింది. అయినా సైన్యం దాన్ని తీసుకోలేదు. గురిలో గెలిచిన రైఫిల్ ఆర్డర్‌లో ఎందుకు ఓడింది? అసలు ఎవరీ విట్‌వర్త్?

బడిపంతులు కొడుకు.. మెషీన్ల పిచ్చి

జోసెఫ్ విట్‌వర్త్ 1803 డిసెంబర్ 21న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. తండ్రి చార్లెస్ బడిపంతులు, చర్చి ప్రబోధకుడు కూడా. పద్నాలుగేళ్ల వయసులో కుర్రాడిని డెర్బీషైర్‌లో బంధువు నడిపే నూలు మిల్లుకు పంపారు. వ్యాపారం నేర్చుకుని అక్కడే స్థిరపడతాడని పెద్దల ఆలోచన.

కానీ ఆ కుర్రాడి కళ్లు నూలు మీద లేవు, నూలు వడికే మెషీన్ల మీద ఉన్నాయి. మిల్లులో ఉన్న మెషీన్లన్నీ ఎలా పనిచేస్తాయో నేర్చుకున్నారు. కొన్నేళ్లకు ఆ జీవితం వద్దనుకుని మాంచెస్టర్ దారి పట్టారు. అక్కడ మామూలు మెకానిక్‌గా పనిలో చేరారు. 1825లో ఫ్యానీతో పెళ్లయింది. తర్వాత లండన్ వెళ్లి, ఆ రోజుల్లో మెషీన్ల తయారీలో పెద్ద పేరున్న హెన్రీ మాడ్స్‌లే వర్క్‌షాప్‌లో చేరారు.

1833లో మళ్లీ మాంచెస్టర్ వచ్చి సొంత వర్క్‌షాప్ పెట్టుకున్నారు. మెషీన్లను తయారు చేసే మెషీన్లు.. అదీ ఆయన వ్యాపారం.

చదునైన పలక.. మూడో పలకతో గుట్టు రట్టు

విట్‌వర్త్‌కు ఒక పట్టుదల ఉండేది. కొలవకుండా ఏదీ నమ్మకూడదు. మొదట ఆయన పట్టుకున్న ప్రశ్న చాలా చిన్నది. ఒక ఇనుప పలక నిజంగా చదునుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు పలకల్ని ఒకదానితో ఒకటి ఒరిపిడి పెడితే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. ఒకటి కొంచెం ఉబ్బుగా, రెండోది అంతే లోతుగా ఉన్నా అవి రెండూ చక్కగా అతుక్కుంటాయి. చదునుగా ఉన్నాయని మనల్ని మోసం చేస్తాయి. అందుకే విట్‌వర్త్ మూడు పలకలు వాడారు. మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, మూడోదాన్ని మొదటిదానితో.. ఇలా మార్చి మార్చి సరిచూస్తూ, ఎత్తుగా ఉన్న చోటల్లా గీకుతూ పోయారు. మూడూ ఒకదానితో ఒకటి కలిశాయంటే ఇక మోసానికి తావు లేదు. 1840లో ఈ పద్ధతిని శాస్త్రవేత్తల సభలో వివరించారు.

మరుసటి ఏడాది, 1841లో ఇంకో పెద్ద పని చేశారు. అప్పట్లో ఒక వర్క్‌షాప్‌లో చేసిన నట్టు ఇంకో వర్క్‌షాప్ బోల్టుకు పట్టేది కాదు. ఎవరి మరలు వాళ్లవే. విట్‌వర్త్ చాలా వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీశారు. మర కోణం 55 డిగ్రీలు ఉండాలన్నారు. ఎంత లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని మరలు ఉండాలో పట్టిక వేశారు. అర అంగుళం బోల్టుకు 12 మరలు, పావు అంగుళం బోల్టుకు 20 మరలు. అదే విట్‌వర్త్ థ్రెడ్. పాత మెషీన్లు రిపేరు చేసే మన మెకానిక్‌లకు ఆ పేరు ఇప్పటికీ బాగా తెలుసు.

1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో ఆయన మెషీన్లను జనం ఎగబడి చూశారు. ఆ తర్వాత అంగుళంలో పది లక్షల వంతు తేడాను కూడా పట్టుకునే కొలత యంత్రం ఆయన చేతిలో తయారైంది. ఇలాంటి మనిషి చేతికి తుపాకీ వస్తే ఏమవుతుంది?

ప్రభుత్వం అడిగింది ఒకటి.. ఆయన చేసింది ఇంకొకటి

1854. రష్యాతో క్రిమియా యుద్ధం మొదలైంది. సైన్యానికి వేల కొద్దీ రైఫిళ్లు కావాలి. అప్పుడు బ్రిటిష్ సైన్యం వాడుతున్నది 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. మన చరిత్ర పాఠాల్లో వినిపించేదీ ఈ పేరే. కొవ్వు పూసిన తూటాల పుకారుతో 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసింది ఈ ఎన్‌ఫీల్డ్ రైఫిలే.

ఎన్‌ఫీల్డ్ గొట్టాలు తయారు చేసే మెషీన్లు చేసిపెట్టమని ప్రభుత్వం విట్‌వర్త్‌ను అడిగింది. ఇంకొకరైతే వెంటనే ఆర్డర్ తీసుకునేవారు. కానీ ఆయన మాత్రం ఎదురు ప్రశ్న వేశారు. అసలు ఆ గొట్టం కొలతలు అలాగే ఎందుకు ఉండాలి? ఆ లావు, ఆ మెలిక ఎవరు, ఏ లెక్కన నిర్ణయించారు? సరైన జవాబు దొరకలేదు. అది తేలేదాకా మెషీన్లు చేయనన్నారు.

చివరికి ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని ప్రయోగాలకు ఒప్పుకుంది. మాంచెస్టర్‌లో విట్‌వర్త్ ఇంటి ఆవరణలోనే 500 గజాల పొడవున పైకప్పు ఉన్న షూటింగ్ గ్యాలరీ కట్టారు. గాలి తగలకూడదు, బుల్లెట్ మాత్రమే మాట్లాడాలి.. అదీ ఆలోచన. కట్టిన కొద్ది రోజులకే తుఫాను గాలికి అది కూలిపోయింది. మళ్లీ కట్టారు. 1855లో పరీక్షలు మొదలయ్యాయి. దారి పొడవునా పల్చటి కాగితం తెరలు వేలాడదీశారు. బుల్లెట్ ఒక్కో తెరను చీల్చుకుంటూ పోతుంటే, అది ఎక్కడ పైకి లేచిందో, ఎక్కడ దిగిందో, ఎక్కడ తల అడ్డం తిరిగిందో ఆ చిల్లులే చెప్పేవి.

బుల్లెట్ కూడా బొంగరమే

ఇక్కడ అసలు విషయం అర్థం కావాలంటే బొంగరం గుర్తు చేసుకోండి. బొంగరం గిర్రున తిరుగుతున్నంతసేపు నిలబడే ఉంటుంది. వేగం తగ్గగానే తూలుతుంది, తర్వాత పడిపోతుంది. బుల్లెట్ సంగతీ అంతే.

గుండ్రటి గోళీకి ముందూ వెనకా ఉండవు. కానీ పొడవాటి బుల్లెట్‌కు ముక్కు ఉంటుంది. గాలి ఆ ముక్కును పక్కకు తోసి, బుల్లెట్‌ను అడ్డం తిప్పేయాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఒక్కటే.. గిర్రున తిరగడం. అందుకే రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. బుల్లెట్ వాటిని పట్టుకుని తిరుగుతూ బయటికి వస్తుంది. ఎంత పొడవు బుల్లెట్ అయితే అంత ఎక్కువగా తిరగాలి.

ఎన్‌ఫీల్డ్ గొట్టంలో గాడి ఒక చుట్టు పూర్తి కావాలంటే 78 అంగుళాలు కావాలి. గొట్టం పొడవేమో 39 అంగుళాలే. అంటే బుల్లెట్ బయటికి వచ్చేసరికి సరిగ్గా అర చుట్టు తిరుగుతుంది. పొట్టిగా, లావుగా ఉండే ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు అది దగ్గర దూరాల్లో చాలేది. దూరం పెరిగితే మాత్రం గురి చెదిరిపోయేది.

విట్‌వర్త్ రకరకాల మెలికలు చేసి చూశారు. చివరికి ఒక్క అంగుళంలోనే ఒక చుట్టు తిరిగే గొట్టం కూడా చేసి పేల్చి చూశారు! అన్నీ కొలిచాక ఆయన తేల్చిన లెక్క ఇదీ:

- గొట్టం లోపలి కొలత 0.451 అంగుళాలు (ఎన్‌ఫీల్డ్‌ది 0.577)
- 20 అంగుళాలకు ఒక చుట్టు
- బుల్లెట్ బరువు 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు
- బుల్లెట్ పొడవు దాని లావుకు దాదాపు మూడు రెట్లు

బుల్లెట్ సెకనుకు 1,200 అడుగుల వేగంతో బయటికి వచ్చిందనుకుందాం. ఎన్‌ఫీల్డ్ మెలికతో అది సెకనుకు సుమారు 185 సార్లు తిరుగుతుంది. విట్‌వర్త్ మెలికతో 720 సార్లు. తేడా అక్కడే ఉంది.

కానీ ఇంత వేగంగా తిప్పాలంటే ఒక చిక్కు. బుల్లెట్ మెత్తటి సీసం. మెలిక మరీ ఎక్కువైతే సీసం గాళ్లను పట్టుకోలేక చీరుకుపోతుంది, తిరగకుండానే జారిపోతుంది. దీనికి విట్‌వర్త్ వేసిన ఉపాయమే ఆయన రైఫిల్‌కు గుర్తుగా మిగిలింది. గొట్టం లోపల గాళ్లు కోయలేదు. మొత్తం గొట్టాన్నే ఆరు పలకలుగా, మెలితిప్పి చేశారు. బుల్లెట్ కూడా ఆరు పలకలే. బోల్టు తలను స్పానర్ పట్టుకున్నట్టు గొట్టం బుల్లెట్‌ను పట్టుకుంటుంది. ఇక జారే ప్రశ్నే లేదు. మామూలు గుండ్రటి మెత్తటి సీసం బుల్లెట్ వేసినా పనిచేసేది. మందు పేలిన దెబ్బకు అది ఉబ్బి, ఆరు పలకల ఆకారం తానే తెచ్చుకునేది.

పరీక్షలో దుమ్ము రేపింది

1857 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని హైత్ షూటింగ్ స్కూల్‌లో రెండు రైఫిళ్లకూ పోటీ పెట్టారు. కేంద్రం నుంచి బుల్లెట్లు సగటున ఎంత పక్కకు పడ్డాయో కొలిచారు.

500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ సగటున సుమారు 27 అంగుళాలు తప్పింది. విట్‌వర్త్ తప్పింది నాలుగున్నర అంగుళాలే. 800 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ తేడా నాలుగు అడుగులు దాటింది. విట్‌వర్త్‌ది ఒక్క అడుగు. ఇక 1,400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్‌తో టార్గెట్‌ను కొట్టడమే కుదరలేదు. విట్‌వర్త్ రైఫిల్ మాత్రం కొడుతూనే ఉంది.

అదే ఏడాది ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఇక సైన్యం ఆర్డర్ ఖాయమనే ఎవరైనా అనుకుంటారు. కానీ..

మసి దగ్గర ఆగిపోయింది

ఆ రోజుల్లో వాడింది నల్ల తుపాకీమందు. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన మిశ్రమం. అందులో నాలుగింట మూడు వంతులు సూరేకారమే. బ్రిటన్‌కు ఆ సూరేకారం ఎక్కువగా వెళ్లింది మన బిహార్ నుంచే. ఈ మందుకు ఒక అవలక్షణం ఉంది. కాలాక సగానికి పైగా పొగగా, మసిగా, మడ్డిగా మిగిలిపోతుంది. ఒక్కో షాట్‌కు గొట్టం లోపల ఒక్కో పొర పేరుకుంటుంది. ఎండగా, పొడిగా ఉన్న రోజున అది గట్టిగా పెంకు కడుతుంది.

పైగా ఇవి మూతి వైపు నుంచి నింపే రైఫిళ్లు. ప్రతి షాట్‌నూ చేత్తో లోడ్ చేయాల్సిందే. మందు పోయాలి, బుల్లెట్ పెట్టాలి, ఊచతో లోపలికి దించాలి. ఎన్‌ఫీల్డ్‌లో బుల్లెట్ గొట్టం కంటే సన్నగా ఉంటుంది కాబట్టి కొంత మసి ఉన్నా దిగిపోతుంది. విట్‌వర్త్ గొట్టం సన్నం. ఆరు పలకల బుల్లెట్ సరిగ్గా అతికినట్టు కూర్చోవాలి. కొద్దిగా మసి పట్టినా దిగదు.

టార్గెట్ షూటర్‌కు ఇది పెద్ద సమస్య కాదు. అతని చేతిలో టైమ్ ఉంటుంది. ఇంట్లోనే త్రాసు మీద మందు తూచి చిన్న గొట్టాల్లో పోసుకుని వస్తాడు. తనే సీసం కరిగించి బుల్లెట్లు పోసుకుంటే ఒక్కొక్కటీ తూకం వేస్తాడు. బరువు తగ్గిందంటే లోపల గుల్ల ఉన్నట్టే, పక్కన పడేస్తాడు. ఎందుకంటే సెకనుకు 700 సార్లు తిరిగే బుల్లెట్‌లో చిన్న గుల్ల ఉన్నా అది బొంగరం తూలినట్టు తూలుతుంది. మందుకూ బుల్లెట్‌కూ మధ్య మైనం పట్టించిన బిళ్ల పెడతాడు. మందు గింజలు నలిగిపోకుండా ఊచతో ఒకే ఒత్తిడితో దించుతాడు. షాట్ షాట్‌కూ గొట్టం తుడుస్తాడు. అప్పుడు విట్‌వర్త్ రైఫిల్ అద్భుతం చేస్తుంది.

మరి యుద్ధంలో సిపాయి పరిస్థితి? ఎదురుగా శత్రువు. చుట్టూ పొగ. వణికే చేతులు. గొట్టం తుడిచే తీరిక ఎక్కడిది? పదో షాట్‌కో ఇరవయ్యో షాట్‌కో బుల్లెట్ సగంలో ఇరుక్కుంటే చేతిలో ఉన్నది కర్రతో సమానం. సైన్యం కమిటీ అదే చూసింది. గొట్టం మరీ సన్నమని, మసి సమస్య ఉందని అభ్యంతరం చెప్పింది. ఖరీదూ ఎక్కువే. 1859లో రైఫిల్‌ను పక్కన పెట్టేశారు.

గాలి తగలని గ్యాలరీలో విట్‌వర్త్ అన్నీ కొలిచారు. హడావుడిలో ఉన్న సిపాయి చేతిని మాత్రం ఆ గ్యాలరీలో కొలవడం కుదరలేదు.

పోటీల్లో హీరో.. యుద్ధంలో భయం

సైన్యం వద్దన్న ఏడాదికే వింబుల్డన్‌లో రాణి షాట్ జరిగింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు దూరపు పోటీల్లో విట్‌వర్త్ రైఫిళ్లదే హవా.

అట్లాంటిక్ అవతల అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం కొద్దిపాటి విట్‌వర్త్ రైఫిళ్లు తెప్పించుకుంది. అందరికీ ఇవ్వలేదు, ఎంపిక చేసిన గురికాళ్లకే ఇచ్చింది. 1864 మే 9న వర్జీనియాలోని స్పాట్సిల్వేనియా దగ్గర ఉత్తరాది జనరల్ జాన్ సెడ్జ్‌విక్ తన సిపాయిలకు ధైర్యం చెబుతున్నారు. అంత దూరం నుంచి గురి పెట్టడం ఎవరి తరమూ కాదని నచ్చజెబుతుండగానే బుల్లెట్ ఆయన ముఖానికి తగిలింది. అక్కడికక్కడే కుప్పకూలారు. అది విట్‌వర్త్ రైఫిలే పేల్చిందనే మాట అప్పటి నుంచీ ఉంది.

మాంచెస్టర్ గ్యాలరీలో కాగితం తెరలకు పడిన చిల్లులు చివరికి ఎక్కడికి దారి తీశాయో చెప్పే ఘటన ఇది.

ఆలస్యంగా ఒప్పుకున్నారు

ఆ తర్వాత వెనక వైపు నుంచి తూటా పెట్టే రైఫిళ్లు వచ్చేశాయి. చేత్తో మూతి నుంచి నింపే కాలం సైన్యంలో ముగిసింది. 1871లో బ్రిటిష్ సైన్యం మార్టినీ-హెన్రీ రైఫిల్‌ను తీసుకుంది. దాని గొట్టం కొలత 0.45 అంగుళాలు. మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. గొట్టం లోపల ఏడు పలకలు. అంటే పన్నెండేళ్ల కిందట మరీ సన్నమని వద్దన్న కొలత దగ్గరికే సైన్యం తిరిగి వచ్చింది. రైఫిల్ మాత్రం విట్‌వర్త్‌ది కాదు.

1879లో ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ అనే గణిత ప్రొఫెసర్ బుల్లెట్ పొడవును బట్టి మెలిక ఎంత ఉండాలో లెక్క కట్టారు. సులువుగా చెప్పాలంటే, బుల్లెట్ పొడవు దాని లావుకు ఎన్ని రెట్లో చూసి 150ని ఆ సంఖ్యతో భాగించాలి. వచ్చినదాన్ని లావుతో గుణిస్తే ఎన్ని అంగుళాలకు ఒక చుట్టో తెలుస్తుంది. విట్‌వర్త్ బుల్లెట్‌ను ఈ లెక్కలో పెట్టి చూడండి. 150ని 3తో భాగిస్తే 50. దాన్ని 0.45తో గుణిస్తే ఇరవై రెండున్నర అంగుళాలు. ఏ ఫార్ములా లేకుండా, కాగితం తెరలు చూసుకుంటూ ఇరవై ఏళ్లకు పైగా ముందే విట్‌వర్త్ 20 అంగుళాల దగ్గర ఆగారు!

కుర్రాళ్లకు స్కాలర్‌షిప్

రైఫిల్ తర్వాత ఆయన ఫిరంగులు చేశారు. అక్కడ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌తో గట్టి పోటీ నడిచింది. కరిగిన ఉక్కును ఒత్తిడి పెట్టి, లోపల గుల్లలు లేకుండా పోత పోసే పద్ధతి తెచ్చారు. బుల్లెట్‌లో గుల్ల ఏం చేస్తుందో తెలిసిన మనిషి కదా!

1868లో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ల కోసం స్కాలర్‌షిప్‌లు పెట్టారు. ఏడాదికి వంద పౌండ్ల చొప్పున 30 మందికి. పుస్తకం చదివినవాడికి సుత్తి పట్టడం, సుత్తి పట్టినవాడికి పుస్తకం చదవడం రావాలన్నది ఆయన ఉద్దేశం. విట్‌వర్త్ స్కాలర్‌షిప్‌లు ఇప్పటికీ ఇస్తున్నారు. 1869లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు బారొనెట్ బిరుదు ఇచ్చింది. 1870లో మొదటి భార్య చనిపోయారు. మరుసటి ఏడాది మేరీ లూయిసాను పెళ్లి చేసుకున్నారు. పిల్లలు లేరు.

1887 జనవరి 22న మాంటెకార్లోలో 83 ఏళ్ల వయసులో విట్‌వర్త్ కన్నుమూశారు. డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌లో సమాధి చేశారు. ఆయన ఆస్తిలో పెద్ద భాగం ప్రజల పనులకే వెళ్లింది. మాంచెస్టర్‌లోని విట్‌వర్త్ ఆర్ట్ గ్యాలరీ, విట్‌వర్త్ పార్క్ అలా వచ్చినవే. 1897లో ఆయన కంపెనీ పాత పోటీదారు కంపెనీతో కలిసి ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ అయింది.

ఇప్పుడు ఎక్కడుంది?

నల్లమసి తుడుచుకుంటూ, మందు తూచుకుంటూ పాత రైఫిళ్లతో పోటీ పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మూతి నుంచి నింపే తుపాకుల అంతర్జాతీయ పోటీల్లో 100 మీటర్ల ఫ్రీ రైఫిల్ ఈవెంట్ పేరు విట్‌వర్త్. సైన్యం ఇవ్వని చోటును టార్గెట్ షూటర్లు ఇచ్చారు.

ఇక రైఫిల్ ముఖం చూడనివాళ్ల చేతుల్లో కూడా విట్‌వర్త్ ఉన్నారు. వీడియో తీయడానికి కెమెరాను ట్రైపాడ్ మీద బిగిస్తారు కదా.. ఆ చిన్న స్క్రూ లావు పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. 1841లో ఆయన వేసిన పట్టికలో పావు అంగుళం బోల్టుకు ఉన్న లెక్కా అదే. ఏ కంపెనీ కెమెరా అయినా, ఏ ఊళ్లో కొన్న ట్రైపాడ్ అయినా ఇట్టే బిగుసుకుంటుంది. దీనికి గురి అక్కర్లేదు, తూకం అక్కర్లేదు, మసి తుడిచే తీరిక కూడా అక్కర్లేదు. ఎవరి చేతికైనా పనిచేస్తుంది. రైఫిల్‌కు లేకపోయింది అదే.